తాగుడు మానటంలో జన్యువుల పాత్ర

తాగుబోతు కొడుకు తాగుబోతే అవుతాడని మనవాళ్లు తేలిగ్గా అనేస్తారు. జన్యుశాస్త్రం చెప్పేవాణ్ణి గనుక, “ఇది రక్తంలోనే వుంటుందా సార్?” అని క్లాసయ్యాక నన్ను మెల్లిగా అడిగే విద్యార్థులున్నారు. ఆ గొంతులోనే ఇంటి సంగతి తెలిసిపోతుంది.

కొంత వుంది. కవలల మీద, దత్తత పిల్లల మీద జరిగిన పరిశోధనల ప్రకారం, ఈ వ్యసనం విషయంలో మనిషికీ మనిషికీ వుండే తేడాలో సుమారు సగం వంశపారంపర్యం. ఇది జనాభా మొత్తానికి వేసిన లెక్క. ఒక కుర్రవాడు ఏమవుతాడో దీన్నిబట్టి చెప్పలేం. పైగా ఇది ఏ ఒక్క జన్యువు చేసే పనీ కాదు.

మద్యం కాలేయంలో ముందు ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మారుతుంది. దాన్ని మరో ఎంజైము విరిచేస్తుంది. చైనా, జపాన్, కొరియా వారిలో చాలామందికి ఆ ఎంజైము జన్యువు బలహీనం. రెండు గుక్కలకే ముఖం కందిపోయి, గుండెదడ, వికారం మొదలవుతాయి. అందుకే వారిలో వ్యసనపరులు తక్కువ. ఆ జన్యువు చేసే పనినే మాత్రతో చేయించవచ్చని డెన్మార్క్‌లో బయటపడింది. హాల్డ్, జేకబ్సన్ అనే పరిశోధకులు పేగుల్లో పురుగులకి మందు వెతుకుతూ డైసల్ఫిరామ్ మింగి చూశారు; ఆపైన మద్యం తాగితే ఒళ్లు తిరగబడింది! 1948లో ఆ సంగతి ప్రకటించారు. కొందరు ఇళ్లలో ఈ మాత్రని ఆ మనిషికి చెప్పకుండా అన్నంలో కలిపి పెడతారు. దయచేసి ఆ పని చెయ్యకండి, ప్రాణం మీదికి వస్తుంది.

నాల్ట్రెక్సోన్ దారి వేరు. 1994లో అమెరికా దీన్ని మద్యవ్యసనానికి అనుమతించింది. మెదడులో నల్లమందు జాతి పదార్థాలు పట్టుకునే గ్రాహకాలను ఇది మూసేస్తుంది, తాగినా ఆ హుషారు రాదు. ఆ గ్రాహకపు జన్యువులో ఒక్క అక్షరం తేడా వున్నవారికి ఇది బాగా పనిచేస్తుందని 2003లో ఒక అధ్యయనం చెప్పింది. జన్యువు చూసి వైద్యం చెయ్యొచ్చని చాలామంది సంబరపడ్డారు. తీరా, రోగులను ముందే జన్యువునుబట్టి విడదీసి పరీక్షిస్తే, 2015లో వెలువడిన ఫలితాల్లో ఆ తేడా కనిపించలేదు. కనుక డాక్టర్లు మామూలుగా జన్యుపరీక్ష చేయించి ఈ మాత్ర రాయరు. కాలేయం ఎలా వుందో చూస్తారు, నల్లమందు జాతి నొప్పిమాత్రలు వాడుతున్నారేమో అడుగుతారు, కొంతకాలం వాడించి గుణం కనిపిస్తోందో లేదో కనిపెడతారు.