ఫ్రెండ్ క్లాస్ – తాళం చెవి ఎవరి చేతిలో?

ఈసారి మన గోడ పత్రికకు కంప్యూటర్ పాఠం ఒకటి రాస్తున్నాను. నాకు రెండుసార్లు తప్పుపోయాకే ఇది అర్థమయింది. మీకు ఒక్కసారికే అర్థం కావాలని రాస్తున్నాను.

సీ ప్లస్ ప్లస్ ఒక కంప్యూటర్ భాష. డెన్మార్క్‌లో పుట్టిన బ్యార్నే స్ట్రౌస్ట్రప్ గారు అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో 1979లో దీని పని మొదలుపెట్టారు. 1983లో దీనికి ఈ పేరు వచ్చింది.

ఇందులో క్లాస్ అంటే మనం కూర్చునే తరగతి కాదు. కొంత సమాచారం, దానితో చేసే పనులు కలిపి కట్టిన మూట అన్నమాట. మన హాస్టల్ ట్రంకు పెట్టెనే చూడండి. పెట్టె మీద రాసిన పేరు అందరూ చదవవచ్చు. అది పబ్లిక్. లోపలి డబ్బులు ప్రైవేట్. ప్రైవేట్ వాటిని ఆ క్లాసులో రాసిన పనులే ముట్టుకోగలవు. బయటి క్లాసు ముట్టుకోబోతే కంపైలర్ తప్పు చూపించి ఆపేస్తుంది.

మరి ఒక్క చెల్లికి మాత్రమే పెట్టె తెరిచే అవసరం వస్తే? డబ్బులను పబ్లిక్ చేస్తే అందరూ తీస్తారు. అందుకే ఫ్రెండ్ అనే మాట ఉంది. ఇలా రాయాలి (మెషిన్‌లో ఇంగ్లీషు అక్షరాలతో కొట్టాలి):

క్లాస్ పెట్టె {
    ఫ్రెండ్ క్లాస్ చెల్లి;
  ప్రైవేట్:
    ఇంట్ డబ్బులు;
};

ఇప్పుడు చెల్లి క్లాసులోని పనులు పెట్టెలోని డబ్బులను చూడగలవు, మార్చగలవు కూడా.

నేను మొదట ఈ లైను చెల్లి క్లాసులో రాశాను. చెల్లికి కదా కావాలి అనుకున్నాను. ఎర్రర్ వచ్చింది. "తాళం చెవి ఎవరిది? పెట్టె గలవాళ్ళది. వాళ్ళే ఇవ్వాలి. నేను నీ ఫ్రెండ్‌ని అని నువ్వే రాసుకుంటే ఎలా?" అన్నారు సారు.

గుర్తుంచుకోవలసినవి మూడు:

1. ఇది ఒకవైపు స్నేహం. మా వైపు నేస్తరికం కలిపితే ఇద్దరూ నేస్తాలే. ఇక్కడ అలా కాదు. పెట్టె చెల్లిని ఫ్రెండ్ అన్నంత మాత్రాన చెల్లి లోపలివి పెట్టెకు కనబడవు.

2. ఫ్రెండ్‌కి ఫ్రెండ్ మనకు ఫ్రెండ్ కాదు.

3. చెల్లి క్లాసు నుంచి వారసత్వంగా పుట్టిన క్లాసుకు ఈ అనుమతి రాదు.

రెండోది నాకు బాగా తగిలింది. నాకు జ్వరం వచ్చి సిక్ రూములో ఉన్నప్పుడు నా పెట్టె తాళం చెవి నా నేస్తానికి ఇచ్చాను. తను సబ్బు కోసమని ఇంకొకరికి ఇచ్చింది. వాళ్ళు మరొకరికి ఇచ్చారంట. వచ్చి చూస్తే, మా అమ్మ కొండ చీపుర్లు అమ్మి ఇచ్చిన యాభై రూపాయలు లేవు. ఎవరిని అడగాలో కూడా తెలియలేదు. నేస్తంతో పది రోజులు మాట్లాడలేదు. తను తియ్యలేదని నాకు తెలుసు. అయినా మాట్లాడలేదు. కంపైలర్ అయితే ఆ మూడో మనిషి దగ్గరే ఆపేసేది. మన దగ్గర కంపైలర్ లేదు కాబట్టి మనమే చెప్పి ఇవ్వాలి. నేను చెప్పకుండా ఇచ్చాను. ఆ మాట తనతో అన్నాక ఇద్దరం ఏడ్చి కలిసిపోయాము.

ఇంకో మాట. ఫ్రెండ్‌లు ఎక్కువయితే, డబ్బుల లెక్క తప్పినప్పుడు అన్ని క్లాసులూ వెతకాలి. ఒక్క పనికే అవసరమైతే క్లాసు మొత్తానికి ఇవ్వక్కర లేదు. ఆ ఒక్క ఫంక్షన్‌నే ఫ్రెండ్ అని రాయవచ్చు. ఎంత ఉందో తెలిస్తే చాలు అంటే, ఎంత ఉందో చెప్పే పబ్లిక్ ఫంక్షన్ ఒకటి పెట్టండి. అప్పుడు తాళం చెవి ఇచ్చే పనే లేదు.

ప్రశ్న: పెట్టె తన క్లాసులో చెల్లిని ఫ్రెండ్ అని రాసింది. చెల్లి తన క్లాసులో వదినను ఫ్రెండ్ అని రాసింది. వదిన ఎవరి లోపలివి చూడగలదు? ఎవరివి చూడలేదు? కాగితం మీద రాసి నాకు ఇవ్వండి. జవాబు వచ్చే సంచికలో.

తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాను.

– తొమ్మిదో తరగతి విద్యార్థిని