భూగర్భ బొగ్గు గనులు, భూగర్భజలాలు: గ్రూప్స్ అభ్యర్థులకు

జగ్గయ్యపేట చుట్టుపక్కల తవ్వేది సున్నపురాయి, అదీ ఓపెన్‌కాస్ట్‌లో. భూగర్భ బొగ్గు గనికి ఉదాహరణ కావాలంటే ఆ ప్రాంత అభ్యర్థి సింగరేణి వైపు చూడాలి. ఇల్లందు ప్రాంతంలో 1871లో బొగ్గును గుర్తించింది భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్. తవ్వకం 1889లో మొదలైంది.

గోదావరి లోయలో బొగ్గు పొరలు గోండ్వానా శిలల్లో, ముఖ్యంగా బరాకర్ ఇసుకరాతి మధ్య ఉంటాయి. నీటిని పట్టి ఉంచేదీ ఆ ఇసుకరాయే, చిక్కంతా అక్కడే. గనిలో పని సాగాలంటే ఊటను రాత్రీపగలూ తోడాలి. దాంతో చుట్టూ నీటిమట్టం గరాటులా కుంగుతుంది. లాంగ్‌వాల్ పద్ధతిలో బొగ్గు తీసిన చోట పైకప్పు కూలుతుంది, పగుళ్లు పైపొరలకు పాకుతాయి. ఖాళీలను ఇసుకతో నింపితే కుంగుబాటు తగ్గుతుంది.

ప్రభావాన్ని లెక్కగట్టాలంటే తవ్వకానికి ముందటి కొలతలు ఉండి తీరాలి. సుద్ద పూసిన స్టీలు టేపును బావిలోకి దించి, ఒర దగ్గర టేపు అంకెలోంచి తడి గీత దగ్గర అంకెను తీసేస్తే ఒర నుంచి నీటి లోతు వస్తుంది. అందులోంచి నేలపై బావి ఒర ఎత్తును కూడా తీసేస్తారు. వేసవిలోనూ, వానాకాలం తర్వాతా ఇలా కొలవాలి. వర్షపాతాన్నీ, సాగు బోర్ల వాడకాన్నీ విడదీసి చూడని నివేదిక నమ్మదగింది కాదు.

బొగ్గులోని పైరైట్ గాలి, నీరు తగిలి ఆమ్లంగా మారితే ఇనుము, సల్ఫేట్ పెరుగుతాయి. తాగునీటిలో సల్ఫేట్ ఆమోదయోగ్య పరిమితి లీటరుకు 200 మిల్లీగ్రాములు (ఐఎస్ 10500).

నియంత్రణ సంస్థ: కేంద్ర భూగర్భజల ప్రాధికార సంస్థ, పర్యావరణ పరిరక్షణ చట్టం 1986 కింద 1997లో ఏర్పాటైంది.