సీఎన్‌సీ మిషన్‌కు కొత్త కంట్రోలర్

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ సార్ ఫోన్ చేసినప్పుడు మేము ముగ్గురం సారపాకలో, మాలో ఒకడి నాన్నగారి వడ్రంగి షెడ్డులో, ఒక చిన్న మిషన్ ముందు తల పట్టుకొని కూర్చొని ఉన్నాం. అందుకే ఆ మిషన్ గురించే రాస్తున్నాం. కథలు, కవితలు రాసే తమ్ముళ్లు హాస్టల్‌లో ఎలాగూ ఉన్నారు కదా!

సంగతేమిటంటే, పూర్వ విద్యార్థులమంతా తలా కొంత చందా వేసుకొని మన హాస్టల్ గదుల తలుపులకు టేకు నంబరు బోర్డులు చెక్కించి ఇద్దామనుకున్నాం. చెక్కే బాధ్యత మా మీద పడింది. టేకు ముక్కలు సామిల్లులో బిల్లుతో కొన్నాం (అడవి అంచున ఉన్నవాళ్లం, బిల్లు లేని టేకు జోలికి పోకూడదు). మిషన్ మాత్రం సెకండ్ హ్యాండ్‌ది. దాన్ని 3018 అంటారు. అంటే బల్ల దాదాపు 30 సెంటీమీటర్ల పొడవు, 18 వెడల్పు. పెద్ద పనులకు పనికిరాదు గానీ చెక్క మీద అక్షరాలు చెక్కుతుంది.

మొదటి ఆరు బోర్డుల్లో నాలుగు పాడయ్యాయి. సగం అంకె చెక్కాక మిషన్ కదలకుండా నిలబడిపోయేది. బిట్టు మాత్రం అక్కడే తిరుగుతూ చెక్కను నల్లగా కాల్చేది. అందరి చందా డబ్బుతో కొన్న చెక్క అది. ఎవరికి ఏం చెప్పాలో తెలియక రెండు రోజులు షెడ్డు వైపే పోలేదు.

కారణం అర్థం కావాలంటే లోపల ఏం జరుగుతుందో తెలియాలి. కంప్యూటర్ నుంచి "ఎక్స్ దిశలో 50 మిల్లీమీటర్లు పో" అనే అర్థం వచ్చే ఆజ్ఞలు వరుసగా వస్తాయి. వాటిని జీ-కోడ్ అంటారు. కంట్రోలర్ బోర్డు ఆ ఆజ్ఞను విద్యుత్ తోపులుగా, అంటే పల్సులుగా మార్చి మోటార్లకు పంపుతుంది. ఒక్కో పల్సుకు మోటారు ఒక్క అడుగు తిరుగుతుంది. 1952లో అమెరికాలోని ఎంఐటీలో ఇలాంటి మొదటి మిషన్‌ను ప్రదర్శించినప్పుడు ఆజ్ఞలను రంధ్రాలు పొడిచిన టేపు మీద ఇచ్చారు. మన చిన్న మిషన్‌లో ఆ పని చేసేది జీఆర్‌బీఎల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. నార్వేకు చెందిన సిమెన్ స్వాలె స్కోగ్‌స్రుడ్ 2009లో దాన్ని మొదలుపెట్టాడు. అది నడిచే చిప్‌కు వేగం 16 మెగాహెర్ట్జ్, పని జ్ఞాపకశక్తి 2 కిలోబైట్లే. అంత చిన్నదానితో మూడు మోటార్లను ఒకేసారి నడిపించడం గొప్ప సంగతే. కానీ పూర్తి ఫైలును దాచుకునే చోటు లేదు. కంప్యూటర్ ముద్ద ముద్దగా అందిస్తూ ఉండాలి. మా పాత ల్యాప్‌టాప్ మధ్యలో నిద్రపోతే, లేదా స్పిండిల్ మోటారు గోలకు యూఎస్‌బీ తెగిపోతే, ఇక ముద్ద అందదు.

అందుకని ఈఎస్‌పీ32 చిప్ ఉన్న బోర్డు తెచ్చాం. వేగం 240 మెగాహెర్ట్జ్, రెండు కోర్లు. దానిలో ఫ్లూయిడ్‌ఎన్‌సీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేశాం. ఫైలు మెమరీ కార్డులో పెడితే చాలు, ల్యాప్‌టాప్‌ను ఇంటికి పంపించవచ్చు. (కరెంటు పోతే మాత్రం కొత్త బోర్డయినా ఆగిపోతుంది. దానికి మందు లేదు.)

బోర్డు మార్చడమంటే వైర్లు పీకి వైర్లు పెట్టడమే అనుకున్నాం. తొందరలో స్విచ్ ఆపకుండానే ఒక మోటారు వైరు లాగాం. చిన్న వాసన వచ్చింది, డ్రైవర్ చిప్ పోయింది. పవర్ ఉన్నప్పుడు స్టెప్పర్ మోటారు వైరు ఎప్పుడూ లాగకండి తమ్ముళ్లూ. ఆ చిప్‌తో పాటు మా బస్ పాస్ డబ్బులు కూడా పోయాయి.

ఒక్క మంచి పని చేశాం. పాత బోర్డు తీసే ముందు $$ అని కొట్టి, అది చూపించిన అంకెలన్నీ నోటు పుస్తకంలో రాసుకున్నాం. వాటిలో ముఖ్యమైనది $100=800. మిల్లీమీటరుకు 800 అడుగులు అని అర్థం. ఎలా వచ్చింది? మోటారు ఒక చుట్టుకు 200 అడుగులు వేస్తుంది. డ్రైవర్ ఒక్కో అడుగును 16 ముక్కలు చేస్తుంది. 200 × 16 = 3200. స్క్రూ ఒక చుట్టు తిరిగితే బల్ల 4 మిల్లీమీటర్లు జరుగుతుంది. 3200 ÷ 4 = 800. ఏడో తరగతి లెక్కే!

అదే 800ను కొత్త బోర్డులో వేసి, టేకు మీద కాకుండా, బిట్టు స్థానంలో పెన్ను కట్టి కాగితం మీద 50 మిల్లీమీటర్ల చదరం గీయించాం. బాబాయి కళ్లజోడు సర్దుకొని స్కేలు పెట్టాడు. "ఒరేయ్, ఇది యాభై కాదు, వంద" అన్నాడు. మేము నమ్మలేదు. మళ్లీ కొలిచాడు, వందే.

కొత్త డ్రైవర్లు టీఎంసీ2209 రకం. వాటి కింద జంపర్లు పెట్టకపోతే అడుగును 16 కాదు, 8 ముక్కలే చేస్తాయి. అప్పుడు చుట్టుకు 1600 అడుగులే. మేమేమో 800 అడుగులకు ఒక మిల్లీమీటరు అని చెప్పాం. అది అర చుట్టు తిరిగి 2 మిల్లీమీటర్లు పోయింది. రెండు జంపర్లు పెట్టాక సరిపోయింది. 800కు బదులు 400 రాసినా సరిపోయేదే.

ఇక్కడ ఒక విషయం. ఈ మోటార్లకు కళ్లు లేవు. ఎంత దూరం పోయామో చూసుకోవు. కంట్రోలర్ పంపిన పల్సులను లెక్కపెట్టుకొని "యాభై పోయాను" అనుకుంటుంది. భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని మనందరికీ తెలుసు. 2022 జూలైలో 71 అడుగులు దాటింది. స్తంభం మీద గీతలే తప్పుగా గీసి ఉంటే? నీళ్లు వచ్చి చెప్పవు కదా. మా మిషన్‌లో ఆ గీత 800 అనే అంకె.

జంపర్లు పెట్టాక కూడా బాబాయి వదల్లేదు. చదరానికి రెండు కర్ణాలూ కొలవమన్నాడు. వడ్రంగులు తలుపు చట్రాన్ని అలాగే చూస్తారు. 50 చదరానికి కర్ణం 70.7 ఉండాలి. మాకు ఒకటి 71.5, ఇంకొకటి 70 వచ్చాయి. ఇది కంట్రోలర్ తప్పు కాదు, మిషన్ చట్రమే మూలమట్టానికి లేదు. ఎంత మంచి బోర్డు పెట్టినా అది సరిచేయలేదు. బోల్టులు వదులు చేసి, మూలమట్టం ఆనించి మళ్లీ బిగించాం. మా ముగ్గురి ఇళ్లల్లోనూ డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేమే. ఆ సాయంత్రం మాత్రం చదువుకున్నది బాబాయే అనిపించింది.

ఇలాంటి పని ఇష్టమున్న తమ్ముళ్లకు ఒక మాట. హైదరాబాద్ బాలానగర్‌లో 1968లో పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో పదో తరగతి తర్వాత ప్రవేశ పరీక్ష రాసి డిప్లొమాలో చేరవచ్చు. ఐటీఐలో మెషినిస్ట్, టర్నర్ ట్రేడులు ఉండనే ఉన్నాయి. వివరాలు కావలసినవాళ్లు వార్షికోత్సవం రోజు మమ్మల్ని పట్టుకోండి.

బోర్డులు పూర్తయ్యాయి. పాడైన నాలుగింటిని బాబాయి వెనక్కి తిప్పి రందా పట్టి ఇచ్చాడు, వాటి మీదే మళ్లీ చెక్కాం. 7వ గది తలుపు మీది బోర్డును పక్కనుంచి చూస్తే కొంచెం పలచగా కనిపిస్తుంది. ఆ గదివాళ్లు ఏమీ అనుకోవద్దు.