గ్రామ పంచాయతీయందు కృత్రిమ మేధ: వినియోగమునకు వలసిన నియమములు

గ్రామ పరిపాలనమునకు ఆధారము వ్రాత. పన్ను చెల్లించినందులకు రసీదు, పుట్టినందులకును గిట్టినందులకును ధ్రువపత్రము, సభ తీర్మానించినందులకు మినిట్సు పుస్తకము, ఇవి యన్నియు వ్రాతలే. నోటిమాట గాలిలో గలిసిపోవును, వ్రాత నిలుచును. వ్రాతలో తప్పు దొరలినచో ఆ తప్పును నిలుచును. ఇప్పుడీ వ్రాతపనిని మనుష్యునకు మారుగా యంత్రము చేయ మొదలిడినది. కావున అట్టి యంత్రమును గ్రామ కార్యాలయములందు ఎట్లు వాడవలెను, ఎచ్చట వాడరాదు అను విషయమును ఈ పాఠమునందు విచారింతము. ఉదాహరణమునకై దూరము పోనక్కరలేదు. వసిష్ఠ గోదావరి యొడ్డున, మలికిపురము మండలమునందున్న దిండి గ్రామమును, దాని చుట్టుపట్ల నున్న కోనసీమ పల్లెలను దృష్టియం దుంచుకొన్న చాలును.

1. ఈ యంత్రము ఎట్టిది?

లెక్కలు వేయు యంత్రమును మన మెరుగుదుము. ఏడును ఎనిమిదియు గలిపిన పదునైదని అది ఎన్ని మారులడిగినను ఒక్కటే చెప్పును. జనరేటివ్ ఏఐ అని పిలువబడు కృత్రిమ మేధ అట్టిది కాదు. మనుష్యులు వ్రాసిన కోట్లకొలది పుటలను దానికి జూపి, ఒక మాట వెనుక ఏ మాట వచ్చుట సహజమో దానికి నేర్పుదురు. మనము ప్రశ్న వేయగనే అది మాట వెంబడి మాటను గూర్చి జాబు వ్రాయును. 2022 నవంబరు 30వ తేదీన చాట్ జీపీటీ అను యంత్రము ప్రజలకు అందినది మొదలు ఇట్టివి లోకమంతటను వ్యాపించినవి.

ఈ యంత్రమునకు నిజమిది, కల్ల యిది యని తెలిసికొను శక్తి స్వతః లేదు. సహజముగా దోచు వాక్యమును వ్రాయుటయే దాని పని. పాఠము రాని బాలుడు తడబడును, ఆ తడబాటుచేతనే ఉపాధ్యాయుడు వాని తప్పును పసిగట్టును. ఈ యంత్రము తప్పు చెప్పునప్పుడును తడబడదు. చక్కని వాక్యములతో, నిండు ధైర్యముతో లేని చట్టమును ఉన్నట్లును, జరుగని వ్యాజ్యమును జరిగినట్లును చెప్పగలదు. 2023వ సంవత్సరమున అమెరికా దేశపు న్యూయార్కు నగరమున ఇద్దరు న్యాయవాదులు, యంత్రము కల్పించి యిచ్చిన లేని తీర్పులను నిజమైనవని నమ్మి న్యాయస్థానమునకు సమర్పించిరి. న్యాయాధిపతి వారికిని వారి సంస్థకును గలిపి 5,000 డాలర్లు జుల్మానా విధించెను.

మరియొక సంగతి గలదు. ఇట్టి యంత్రములు చదివిన పుటలలో ఆంగ్లము మిక్కుటము, తెలుగు తక్కువ. అందునను పల్లె పలుకుబడి మరింత తక్కువ. కోనసీమలో కుంచమన్నది ధాన్యపు కొలత మాత్రమే కాదు, భూమి కొలతయు నగును. దింపు అనగా చెట్టునుండి కొబ్బరికాయలు దించుట. "మా మూడు కుంచాల తోటలో దింపు కాలేదు" అని ఒక రైతు సభలో మొరవెట్టుకొన్నచో, ఆ మాట యంత్రము చేతిలో ఏ రూపము దాల్చునో చెప్పలేము. ధాన్యము దిగుమతి కాలేదని వ్రాసినను ఆశ్చర్యపడ బనిలేదు.

2. ఇది మన గ్రామములకు ఎట్లు వచ్చినది?

1993 ఏప్రిలు 24వ తేదీన అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణముచే పంచాయతీలకు రాజ్యాంగమందు స్థిరమైన స్థానము కలిగెను. పదునొకండవ షెడ్యూలునందు వానికి అప్పగింపదగిన 29 విషయములు పేర్కొనబడినవి. మన రాష్ట్రమున 2019 అక్టోబరు 2వ తేదీన గ్రామ సచివాలయములు ఆరంభమైనవి. 2025 జనవరి 30వ తేదీన "మన మిత్ర" అను పేర వాట్సాపు ద్వారా ప్రభుత్వ సేవలందించు ఏర్పాటు మొదలయ్యెను. తొలుత 161 సేవలను అందు చేర్చిరి.

పంచాయతీ వ్రాతపనికి మిక్కిలి దగ్గరగా వచ్చినది "సభాసార్" అను సాధనము. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖవారు దీనిని 2025 ఆగస్టు 14వ తేదీన ప్రారంభించిరి. మరునాడు త్రిపుర రాష్ట్రపు గ్రామసభలయందు దీనిని వాడ నిశ్చయించిరి. సభలో జరిగిన మాటలను ధ్వనిరూపముననో దృశ్యరూపముననో పట్టి యిచ్చిన యెడల, ఈ సాధనము వానిని విని, అక్షరములుగా మార్చి, సారాంశము దీసి, మినిట్సు చిత్తును వ్రాసి యిచ్చును. ఇది "భాషిణి" యను భారతీయ భాషా సాధనముపై నాధారపడినది, తెలుగునందును పనిచేయును.

దీనివలన మేలు లేకపోలేదు. 2024 ఆగస్టు 23వ తేదీన మన రాష్ట్రమున 13,326 పంచాయతీలయందు ఒక్క దినముననే గ్రామసభలు జరిగినవి. అన్ని సభల మాటలను చేతితో వ్రాయుట ఎంతటి పనియో యూహింపుడు. కార్యదర్శి ఒక చేత సభ నడుపుచు, ఒక చేత వ్రాయుచుండ, పెద్దల మాటలే పుస్తకమున కెక్కి, వెనుక వరుసలోని స్త్రీల మాటలు జారిపోవచ్చును. యంత్రము ముఖము చూచి వ్రాయదు. కాని యంత్రమునకును చెవి దూరము గలదు. మైకు చెంత నిలిచినవాని మాట వినును, వేపచెట్టు క్రింద గూర్చున్న ముదుసలి మాట వినజాలదు. కావున మేలును కీడును దానిని వాడు రీతిని బట్టియే యుండును.

3. ఇతరులకు కలిగిన అనుభవము

న్యూయార్కు నగరపాలకులు 2023 అక్టోబరు మాసమున వర్తకుల ప్రశ్నలకు జాబులిచ్చు యంత్రమొకటి నెలకొల్పిరి. 2024 మార్చిలో పత్రికా రచయితలు దానిని పరీక్షింపగా, పనివారికి వచ్చిన బహుమాన ధనమును యజమానులు తీసికొనవచ్చునని అది చెప్పినట్లు వెల్లడియయ్యెను. అది చట్టవిరుద్ధము. ప్రభుత్వపు పేర వెలువడిన మాట యగుటచే, వినినవాడు నమ్ముట సహజము. ఇంటి పుస్తకములోని తప్పుకంటె కచేరి పుస్తకములోని తప్పు ఎక్కువ చేటు చేయుటకు కారణ మిదియే.

మన పొరుగున తెలంగాణమునందు జరిగినది మరింత గుణపాఠము. అచ్చట పలు శాఖల వివరములను గణకయంత్రములచే పోల్చిచూచి అనర్హులను ఏరివేయు పద్ధతి నవలంబించిరి. సుమారు 19 లక్షల రేషను కార్డులు రద్దయిన విషయమై వ్యాజ్యము నడువగా, 2022 ఏప్రిలులో సర్వోన్నత న్యాయస్థానము వానిని క్షేత్రమునకు బోయి మరల విచారింపుమని ఆజ్ఞాపించెను. ఇది జాబులు వ్రాయు యంత్రము గాదు, వేరు జాతిది. అయినను నేర్పు నీతి ఒక్కటే. యంత్రము వేసిన గుర్తునే తీర్పుగా గైకొన్నచో, ఆకలిగొన్న యింటివాడు తన మొర చెప్పుకొనుటకు తలుపేదియు కనబడదు.

4. గ్రామమునకు తగిన నియమములు

పై విషయములను ఆలోచించి, దిండి వంటి గ్రామమునకు ఈ క్రింది యేడు నియమములు చాలునని మేము తలచుచున్నాము.

మొదటిది: యంత్రము చిత్తు వ్రాయవచ్చును, సంతకము మాత్రము మనుష్యునిదిగా నుండవలెను. సంతకము చేసినవాడే ప్రతి యక్షరమునకు పూచీదారుడు. "యంత్రము అట్లు వ్రాసినది" అను సమాధానము చెల్లరాదు.

రెండవది: మినిట్సు చిత్తును సభ ముగియకముందో, మరుసటి సభ మొదటనో బిగ్గరగ చదివి వినిపింపవలెను. తన మాట తప్పుగా బడినదని యెవరైన చెప్పినచో అక్కడికక్కడే దిద్దవలెను. మన పలుకుబడిలోని కుంచము, దింపు, లంక, రేవు మొదలగు మాటలను సరిచూచుటకు ఇంతకంటె మంచి యుపాయము లేదు. దిద్దుబాటు ముగియువరకు ధ్వనిముద్రను చెరుపరాదు.

మూడవది: ప్రజల సొంత వివరములను బయటి యంత్రములకు ఇయ్యరాదు. ఆధారు సంఖ్య, బ్యాంకు ఖాతా, రోగము, కులము, కుటుంబ కలహము ఇట్టివి అర్జీలలో నుండును. అర్జీని సులభముగ సంగ్రహింపవలెనని దానిని యథాతథముగ యంత్రమునకు జూపినచో, ఆ రహస్యము ఊరు దాటి, దేశము దాటి పోవచ్చును. కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ 2025 జనవరిలో తన యుద్యోగులను కార్యాలయపు కంప్యూటర్లయందు చాట్ జీపీటీ, డీప్‌సీక్ వంటి వానిని వాడవలదని హెచ్చరించుటకు ఇట్టి భయమే కారణము. పౌరుల సొంత వివరముల రక్షణకై 2023వ సంవత్సరమున పార్లమెంటు ప్రత్యేకముగ చట్టము చేసినది.

నాలుగవది: ఎవరికి పింఛను ఇయ్యవలెను, ఎవరి కార్డు తీసివేయవలెను, ఎవరి యిల్లు వరదలో కూలినది అను నిర్ణయములను యంత్రమునకు వదలరాదు. కేరళ ఉన్నత న్యాయస్థానము 2025 జూలైలో జిల్లా న్యాయస్థానములకై చేసిన నియమావళియందు తీర్పులు నిర్ణయించుటకు కృత్రిమ మేధను వాడరాదని స్పష్టముగ విధించినది. న్యాయమూర్తికి తగిన నియమము పంచాయతీకిని తగును. 2022 జూలైలో గోదావరికి వచ్చిన పెద్దవరద కోనసీమ లంకలను ముంచెను. అట్టి వరద మరల వచ్చెననుకొనుడు. నష్టపోయినవారి జాబితాను యంత్రము సంగ్రహించునపుడు ఒక విధవరాలి పేరు జారిపోయినచో, ఆమెకు కలుగు నష్టము వరద చేసిన నష్టమునకు తోడగును. కావున గడప గడపకు బోయి చూచినవాని వ్రాతయే ప్రమాణము కావలెను.

ఐదవది: అంకెలను, తేదీలను, చట్టములను మూలముతో సరిచూడక ప్రకటింపరాదు. ధవళేశ్వరము ఆనకట్టయొద్ద నీటిమట్టము 11.75 అడుగులైన మొదటి హెచ్చరికయు, 13.75 అడుగులైన రెండవ హెచ్చరికయు, 17.75 అడుగులైన మూడవ హెచ్చరికయు జారీ చేయుదురు. ఒక్క యంకె మారి 17.75 అనుటకు 11.75 అని పడినను, అడుగులనుటకు మీటర్లని పడినను ఏటిగట్టు దిగువనున్నవారి ప్రాణముల మీదికి వచ్చును. వరద, తుపాను హెచ్చరికలను అధికారులు పంపిన మాటలలోనే యుంచి చాటింపవలెను గాని, యంత్రముచే తిరుగవ్రాయింపరాదు.

ఆరవది: యంత్ర సాయముతో వ్రాసిన ప్రతి ప్రకటన క్రిందను ఆ సంగతి తెలుపవలెను. ఏ దినమున, ఏ పనికి, ఏ సాధనమును వాడిరో, ఎవరు సరిచూచిరో ఒక రిజిష్టరునందు వ్రాసియుంచవలెను. 2005వ సంవత్సరపు సమాచార హక్కు చట్టము క్రింద అడిగినవారికి చూపుటకును, తప్పు బయటపడినపుడు దాని మొదలు కనుగొనుటకును ఈ రిజిష్టరు పనికివచ్చును.

ఏడవది: ఫోను లేనివాడును, చదువు రానివాడును సచివాలయమునకు వచ్చి మనుష్యునితో మాటలాడి పని చేసికొను మార్గము ఎన్నడును మూయబడరాదు. యంత్రము చెప్పిన జాబుపై అభ్యంతరము గలవానికి, దానిని విని సరిదిద్దు అధికారి యెవరో ఆ పేరు గోడమీద వ్రాసియుండవలెను.

5. ఈ నియమముల నెవరు చేయవలెను?

కేంద్ర ప్రభుత్వము 2025 నవంబరులో కృత్రిమ మేధ పరిపాలనమునకు మార్గదర్శక సూత్రములను ప్రకటించినది. అవి దేశమంతటికి ఉద్దేశింపబడినవి. స్థానిక ప్రభుత్వములు అంతటితో ఊరకుండ నవసరము లేదు. అమెరికాలోని బోస్టను నగరమువారు 2023 మే మాసముననే తమ యుద్యోగులకు తాత్కాలిక సూచనలు వ్రాసి యిచ్చిరి. యంత్రము వ్రాసినదానిని సరిచూడుడు, వాడినట్లు తెలుపుడు, రహస్య వివరములు ఇయ్యకుడు అనునవి అందు ముఖ్యములు. వాడవలదని నిషేధింపక, జాగ్రత్తతో వాడి నేర్చుకొనుడని చెప్పుట ఆ సూచనలలోని విశేషము.

గ్రామమునందు ఈ పని గ్రామసభలోనే జరుగుట మేలు. సర్పంచి, కార్యదర్శి, వార్డు సభ్యులు చిత్తు నియమములను తయారుచేసి, సభలో చదివి, చర్చించి, తీర్మానముగ నంగీకరింపవచ్చును. సంవత్సరమున కొకమారు రిజిష్టరును సభ ముందుంచి, ఏ నియమము పనిచేసినదో, ఏది పనిచేయలేదో విచారించి మార్పులు చేయవలెను. యంత్రములు ఏటేట మారుచున్నవి గనుక నియమములును నిలిచిన నీరు కారాదు.

విద్యార్థులు సభలో ఓటు వేయజాలకున్నను చేయదగిన పని గలదు. తల్లిదండ్రులతో సభకు బోయి వినుడు. చదువు రాని పెద్దలకు ఫోనులో వచ్చిన జాబును చదివి చెప్పుడు. ఆ జాబు సరియైనదో కాదో సచివాలయమున విచారించి రండు. తప్పు కనిపించినచో వినయముతో తెలియజేయుడు. అట్టివారు పదుగురున్న యూరిలో ఈ యంత్రము సేవకుడుగనే యుండును.

అభ్యాసము

1. లెక్కల యంత్రమునకును, జాబులు వ్రాయు కృత్రిమ మేధకును గల భేదమును మీ మాటలలో వ్రాయుడు.
2. మీ యూరి పలుకుబడిలో యంత్రము పొరబడదగిన పది మాటలను ఏర్చి, వాని యర్థములు వ్రాయుడు.
3. పై యేడు నియమములలో మీ గ్రామమునకు ముందుగ కావలసినది ఏది? కారణములు తెలుపుడు.
4. ఇంట పెద్దలతో ఆలోచించి, ఎనిమిదవ నియమము నొకదానిని చేర్చుడు.