తొలి ఉలి ఎంపిక

వడ్రంగము నేర్వగోరు విద్యార్థి "ఉలికి ఎంత వెల పెట్టవలెను?" అని అడుగును గాని, "ఏ పనికి?" అని ఆలోచించుట అరుదు. స్వల్ప వ్యయముతో మంచి ఉలిని ఎన్నుకొను విధమును ఇచట తెలుపుచున్నాము.

ముందుగా మాట. తెలుగున శిల్పిదియు ఉలియే, వడ్రంగిదియు ఉలియే. ఇనుము నరకునది శానము. ఉర్దూలో కొయ్యకు వాడునది రుఖానీ, రాతికి, ఇనుముకు వాడునది ఛేనీ. దుకాణములో ఈ భేదము చెప్పి అడుగుట మేలు.

పెట్టెలో మెరయు ఎనిమిది ఉలుల జత మనస్సును లాగును. ప్రారంభకునికి అన్ని ఏల? పావు అంగుళము, అరంగుళము, అంగుళము వెడల్పు గలవి మూడు చాలును. అదే ధనముతో మూడు మంచివి వచ్చుచుండగా ఎనిమిది నాసిరకపువి కొనుట తగదని మా అభిప్రాయము.

ఉలికి ప్రాణము ఉక్కు. నూటికి 0.6 నుండి 1 వంతు వరకు కర్బనము గల ఉక్కు కాచి, చల్లార్చి, పదును పట్టించినచో అంచు నిలుచును. మెత్తని ఇనుముపై ఆకురాయి సులభముగా కొరుకును. గట్టి ఉక్కుపై జారును. దుకాణదారు అనుమతితో పిడి దాపున గాక అంచు సమీపమున పరీక్షింపవలెను, ఏలయన పిడి వైపు మెత్తగానే ఉంచుదురు. ఉక్కు విషయమున మనది పేదదేశము కాదు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రము ఉక్కుకై పారశీక వర్తకులు వచ్చెడివారు. 'ఉక్కు' పదమే ఆంగ్లేయుల నోట 'వూట్జ్' అయినదని పండితుల మాట.

బొగ్గు లారీలు తిరుగు మణుగూరులో మరొక మార్గము కలదు. పాత లారీ కమాను పట్టీని కమ్మరికి ఇచ్చి ఉలి కొట్టించుకొనవచ్చును. కాచి ముంచిన పిమ్మట ఎండుగడ్డి వన్నె వచ్చువరకు మరల వేడి చేయుమని చెప్పవలెను. ఆ వన్నెకు సుమారు 220 నుండి 250 డిగ్రీల వేడి. ముంచి విడిచిపెట్టినచో అంచు గాజువలె పెళుసగును.

పాత ఉలి కొనునపుడు వెనుక తలమును చూడుడు. అంచు అనగా రెండు తలములు కలియు గీత. వెనుక తుప్పు గుంటలున్నచో ఎంత నూరినను గీత తెగును. ముందు వైపు తుప్పు లెక్కకు రాదు. పిడి పగులకుండ రోకలికి వలె పొన్ను ఉండవలెను. తుమ్మకర్ర పిడి మంచిది.

కొన్న ఉలి దాదాపు ఎన్నడును పదునుగా రాదు. 25 డిగ్రీల వాలుతో అరగదీసి, కొస మాత్రము 30 డిగ్రీలకు నూరవలెను. సానరాయి లేనిచో గాజు పలకపై నీటి గరుకు కాగితము పరచిన చాలును. కరెంటు సాన మీద అంచు నీలి వన్నెకు తిరిగినచో అచట ఉక్కు పదును పోయినట్లే. ఈ శ్రమ ఏల? మొద్దు ఉలికి బలము ఎక్కువ కావలెను. బలము పెట్టినపుడు జారి, కొయ్యను పట్టిన ఎడమచేతిని కోయును. ఇంటికి నాలుగు రూపాయలు తెచ్చు విద్యను పలువురు ఆ ఒక్క గాయముతో మానుదురు. రెండు చేతులును అంచుకు వెనుకనే ఉండవలెను. కొయ్యను బిగించుటకు బిగింపు వాడుడు.

గోదావరి అడవుల టేకుతో ఆరంభింపకుడు. అందలి ఇసుక వంటి పదార్థము అంచును త్వరగా తినును, కొయ్య ఖరీదును హెచ్చు. డిపోలో రసీదుతో దొరకు చవక ముక్కలపై కన్నము తొలుచుట అభ్యసింపుడు. వానకాలమున పని ముగియగనే ఉలికి పలుచగా నూనె రాసి, గుడ్డ చుట్టి ఉంచుడు.