ఈసుకుపోయిన గేదెను ముట్టుకునే ముందు

గేదె ఈసుకుపోయింది, మాయ పడలేదు అని కబురు రాగానే గోపాలమిత్రలైనా, డెయిరీ పనివాళ్లైనా ముందు చొక్కా చెయ్యి పైకి మడుస్తారు. గ్లవ్స్ సంచిలోనే ఉంటాయి. వేసుకుంటే పట్టు దొరకదని వట్టి చెయ్యే లోపల పెడతారు. గోటి పక్కన లేచిన తోలు, గడ్డి కోస్తుంటే కొడవలి గీరిన గీత, ఆ మాత్రం చాలు, పశువులు ఈసుకుపోయేలా చేసే బ్రూసెల్లా అనే క్రిమి ఒంట్లోకి ఎక్కడానికి.

మన దేశంలో పాత రక్తపరీక్షల సర్వేల్లో దీని ఆనవాళ్లు ఆవుల్లో నూటికి 5, గేదెల్లో 3 దాకా కనబడ్డాయి. ఇంతేనా అనిపిస్తుంది. కానీ అది మందలన్నిటి లెక్క. మిమ్మల్ని పిలిచేది ఈసుకుపోయినవాటి దగ్గరికి. పైగా ఒక కొట్టంలో ఒక్కటీ ఉండదు, పక్క కొట్టంలో నాలుగుంటాయి. ఐదో నెల దాటాక ఈసుకుపోయిన ప్రతి పశువుకూ, రక్తపరీక్ష కాదని తేల్చేదాకా, ఇదే రోగం అనుకోండి. భుజం దాకా గ్లవ్, మాస్కు, కళ్లద్దాలు పెట్టుకునే దగ్గరికి వెళ్లండి. మాయను పెంటకుప్ప మీద పారేస్తే కుక్కలు ఊరంతా ఈడుస్తాయి. లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలి.

"పోయినసారి ఈసుకుపోయింది గానీ, ఈసారి బాగానే ఈనిందిలెండి" అంటాడు రైతు. ఈత సవ్యంగా జరిగినా క్రిమి పొదుగులో ఉండిపోవచ్చు, పాలల్లో వస్తూ ఉండవచ్చు. సంతలో ఆ గేదెను కొన్నవాడికి ఈ సంగతి ఎవరు చెబుతారు?

4 నుంచి 8 నెలల పెయ్యదూడలకు జీవితంలో ఒక్కసారి వేసే బ్రూసెల్లా టీకా 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఉచితం. చూడి పశువులకు వేయకూడదు. అందులో ఉండేది బతికున్న క్రిమే. దూడ తన్ని సూది మీ వేలికి దిగితే, వెంటనే సబ్బుతో కడిగి, టీకా సీసా పట్టుకుని ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మనిషికి సోకితే సాయంత్రానికి జ్వరం, రాత్రి చెమటలు, నడుము నొప్పి, నాలుగు రోజులు తగ్గి మళ్లీ రావడం. ఇది చూడ్డానికి టైఫాయిడ్‌లాగే ఉంటుంది. పశువుల్లో పనిచేస్తానని మీ అంతట మీరే చెప్పి బ్రూసెల్లా పరీక్ష అడగండి. డాక్టరు అడిగేదాకా ఆగితే అడగకపోవచ్చు. క్రిమి సోకిన కొన్ని వారాలకు, ఒక్కోసారి నెలలకు జ్వరం బయటపడుతుంది. అందుకే ఎవరింట్లో ఏ రోజు మాయ తీశారో జేబు డైరీలో రాసి పెట్టుకోండి. మామూలుగా రెండు రకాల మందులు కలిపి ఆరు వారాలు వాడిస్తారు. పది రోజులకే ఒళ్లు తేలికపడిందని మానేసేవాళ్లుంటారు. మళ్లీ మంచం పట్టే ప్రమాదం వాళ్లకే ఎక్కువ.