నీటిమీది మేత

మా విద్యార్థులలో అనేకులు కర్షకుల బిడ్డలు. కోళ్లకును, పశువులకును దాణా కొనుట యెంత భారమో వారెఱుగుదురు. అందును మాంసకృత్తులు గల పిండి, చెక్కల వెల మిక్కిలి యధికము. కావున కుంటలపై తేలుచుండు ఒక చిన్న మొక్కను గూర్చి యిచ్చట ముచ్చటింతుము.

దీనిని ఆంగ్లమున డక్‌వీడ్ అందురు. లెమ్నా, వుల్ఫియా మొదలగునవి యిందలి జాతులు. చూచుటకు పాచివలె నున్నను ఇది పుష్పించు మొక్కయే. అట్టి మొక్కలన్నింటిలో వుల్ఫియా అతి చిన్నది. ఎండయు, ఎరువును చాలినచో రెండు మూడు దినములలో ఇది రెట్టింపగును. పచ్చి మొక్కలో నూటికి 90 పాళ్లకు పైగా నీరే. ఎండబెట్టిన పిమ్మట, పెరిగిన నీటిలో నత్రజని సమృద్ధిగా నుండినచో, నూటికి 35 నుండి 40 పాళ్లు మాంసకృత్తు లుండవచ్చును. నత్రజని కొఱవడినచో అందు సగమే యుండును. థాయిలాండు ప్రజలు వుల్ఫియాను ఆహారముగా భుజింతురు. బంగ్లాదేశమందలి మీర్జాపూరులో ఆసుపత్రి మురుగునీటిపై ఈ మొక్కను పెంచి చేపలకు మేపిరి.

అట్లయినచో మన కాజీపల్లి చెఱువునుండి గంపెడు తెచ్చి కోళ్లకు వేయరాదా యని మీరడుగవచ్చును. వేయరాదు. ఏలయన, ఈ మొక్క నత్రజనితోపాటు సీసము, కాడ్మియము వంటి లోహములను గూడ నీటినుండి పీల్చుకొనును. ఆ గుణముచేతనే మురుగునీటిని శుద్ధిచేయుటకు దీనిని వాడుదురు. ఎండబెట్టినను, ఉడికించినను ఆ లోహములు పోవు.

మన ప్రాంతపు నీటి స్థితి లోకమునకు తెలిసినదే. 2007లో స్వీడను శాస్త్రజ్ఞులు పటాన్‌చెరు వద్ద మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడు నీటిని పరీక్షింపగా, సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు గానవచ్చెను. ఆ మందు మ్రింగిన రోగి రక్తములో నుండుదానికంటె ఇది యెక్కువ. 2014లో కాజీపల్లి చెఱువు అడుగుమట్టిలో, సూక్ష్మజీవులను మందులకు లొంగకుండ జేయు జన్యువులు అనేకములు కనుగొనబడెను. కావున నీటిని కడుగు మొక్క వేఱు, మేతకు పెంచు మొక్క వేఱు అని గ్రహింపవలెను.

మేతకై పెంచదలచినవారు పెరటిలో అడుగు లోతు గుంట త్రవ్వి, టార్పాలిన్ పఱచి, వాననీటిని గాని పరీక్షింపబడిన నీటిని గాని నింపవలెను. బోరునీరైనను పరీక్షింపక వాడరాదు. పేడనీటిని వడగట్టి కొంచెముగా కలుపవలెను. విత్తుమొక్కను గూడ శుభ్రమైన తావునుండియే తేవలెను. మొక్క నీటిని పూర్తిగా కప్పిన పిమ్మట, సగము విడిచి తక్కినది జల్లెడతో తీసి, కడిగి, ఆరబెట్టి, దాణాలో కొద్దికొద్దిగా కలిపి అలవాటు చేయవలెను. దాణా యంతయు దీనితోనే సరిపుచ్చరాదు.

విద్యార్థులారా, రెండు కుండలలో వాననీరు పోసి, ఒకదానిలో మాత్రమే పేడనీరు కలిపి, రెంటను పదేసి మొక్కలు వేసి, వారము దినములు లెక్కించి వ్రాసికొనుడు. మొక్క తానున్న నీటినిబట్టియే పెరుగునని మీకే తెలియును. దేవుడు మనకిచ్చిన చెఱువును కాపాడుట పాడిని కాపాడుటయే.